కాంతమ్మగారికి నేను చూపించిన ఇటలీ

వెర్చెల్లి దగ్గర పల్లె, ఇటలీ
మే నెల, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన జుబేదా ఆపాకి,

చెల్లెలు నస్రీన్ చేసే సలాం. అల్లా దయవల్ల నేనూ నీ మరిదీ ఇక్కడ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, దూల్హా భాయ్, పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను. అమ్మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బెజవాడలో రోహిణి ఎండలు దంచేస్తూ ఉంటాయి, మధ్యాహ్నం పూట ఆవిణ్ణి మేడ మీద గదిలో పడుకోనివ్వకు. నేను వేళకి తింటున్నానా అని అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నాను, తింటున్నాను. చలి పోయింది. దగ్గు కూడా పోయింది. బెంగ పెట్టుకోకు.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను రెండు మాటలు చెప్పేలోగా నువ్వు పది ప్రశ్నలు వేస్తావు, ఈలోగా కార్డు అయిపోతుంది. ఈ కబురు మాత్రం ఎవరూ అడ్డం రాకుండా మొదటి నుంచి చివరిదాకా నేనే చెప్పాలి. ఎందుకంటే నేను గెలిచాను ఆపా. చిన్న గెలుపు కాదు. మా దూల్హా భాయ్ ముక్కు మీద వేలేసుకునేంత గెలుపు.

నీకు తెలిసిన సంగతులు కూడా మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. ఈ ఉత్తరాన్ని నువ్వు కుట్టు మిషన్ దగ్గర పెట్టుకుని, జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చదివి వినిపిస్తావని నాకు తెలుసు. వాళ్ళకి అర్థం కావాలిగా.

ఆటోనగర్‌లో లారీలు బాగుచేసుకునే నీ మరిది ఇక్కడి పొలాల్లో ట్రాక్టర్లు బాగుచేయడానికి వచ్చిన దగ్గర్నుంచీ మేం ఉంటున్నది లూచియాగారి ఇంటి వెనక రెండు గదుల్లో. లూచియాగారిది చుట్టూ వరిపొలాలున్న పెద్ద పాతకాలపు లోగిలి. అవును, వరే. ఇటలీ అంటే బొమ్మలూ గోపురాలే అనుకుంటాం గానీ ఈ పక్కంతా కాలవలూ గట్లూ వరి మళ్ళే. లోగిట్లో కొన్ని గదులు ఊళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళకి ఇస్తుంది. ఆ గదుల్లో పక్కగుడ్డలు మార్చడం, నేల తుడవడం, స్నానాల గదులు కడగడం, అదీ నా ఉద్యోగం. వచ్చిన మొదటి చలికాలంలో పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా పొగమంచు తప్ప ఏమీ కనబడేది కాదు. తెలుగు మాట్లాడదామంటే నీ మరిది పొద్దుపోయాక గానీ రాడు, వచ్చాక ఆవులిస్తాడు. కోళ్ళతో మాట్లాడేదాన్ని. నవ్వకు, నిజంగానే మాట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని కూడా. నాకు ఇటాలియన్ నేర్పింది లూచియాగారి తల్లి. ఆవిణ్ణి అందరూ నోన్నా అంటారు, అంటే అమ్మమ్మ అని. ఎనభై దాటినా వంటింటి పెత్తనం ఎవరికీ ఇవ్వదు. కూరలు తరుగుతూ ఒక్కొక్కటీ చేతికిచ్చి పేరు చెప్పించేది. తప్పు పలికితే మళ్ళీ చెప్పించేది.

మిగతాది నీకే బాగా తెలుసు. చల్లపల్లి పక్క నుంచి వచ్చి పటమటలో స్థిరపడిన కాంతమ్మగారు నీ దగ్గరకి జాకెట్లు ఇవ్వడానికి వచ్చి, పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామనే ట్రావెల్స్ వాళ్ళ కాగితం నీకు చూపించడం, నువ్వు ఊరుకోకుండా మా చెల్లెలు ఇటలీలోనే ఉందండీ అని గొప్పలు పోవడం, ఆవిడ నాకు ఫోన్ చేయడం. నేను అప్పుడే చెప్పాను, ఏడు దేశాలు చూడరండీ, ఏడు దేశాల పెట్రోలు బంకులు చూస్తారు, ఒక్క ఇటలీ చాలు, కుదురుగా చూపిస్తాను, నాకు వదిలేయండి అని. ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అప్పటికి నేను మిలాను దాటి ఎక్కడికీ వెళ్ళలేదు.

దూల్హా భాయ్ ఏమన్నారో కూడా నాకు తెలుసు, నువ్వు దాచినా. గదులు కడిగే పిల్ల దేశం చూపిస్తుందిట, జుబేదా గిరాకీ కాస్తా పోతుంది అన్నారుట. తప్పు పట్టను. లూచియాగారు కూడా కాస్త మర్యాదగా అదే అన్నది. అతిథుల పని నాకివ్వండి, మా దేశం వాళ్ళని నేను రప్పిస్తాను అని నేను ఎప్పట్నుంచో అడుగుతున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఆరుగురూ సంతోషంగా వెళితే చూద్దాం. మొహాలు ముడుచుకుని వెళితే మాత్రం నస్రీన్, ఈ మాట నా దగ్గర మళ్ళీ ఎత్తకు" అంది. అంటే ఏమిటో అర్థమైందిగా? గెలిస్తే గుమ్మంలో నిలబడి అతిథుల్ని రండి అనే ఉద్యోగం. ఓడితే బతికినన్నాళ్ళూ చీపురూ బకెట్టూ.

ఆ చలికాలమంతా నాకు అదే ధ్యాస. పక్కగుడ్డలు పిండుతూ ప్లాను, ఇస్త్రీ చేస్తూ ప్లాను. మే నెలలో రమ్మన్నాను, ఎందుకంటే అప్పుడు మళ్ళన్నీ నీళ్ళతో నిండి ఉంటాయి, ఎండ కూడా మన మాఘమాసపు ఎండే. కాంతమ్మగారికి మోకాళ్ళ నొప్పులని మెట్లు తక్కువున్న చోట్లు ఏరాను. ముందు ఇక్కడే ఉండి మిలానూ సరస్సూ, తర్వాత రైల్లో వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్, మళ్ళీ ఇక్కడికొచ్చి విమానం. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఒక చోటు. కునుకు సంగతి విని కాంతమ్మగారి భర్త సుబ్బారావుగారు ఫోన్‌లోనే, ఈ అమ్మాయి తెలివైందే అన్నారు. తిండి దగ్గరే చిక్కు. వాళ్ళు శనివారం నీచు ముట్టరు. నేను ఇక్కడి మాంసం ఎప్పుడూ ముట్టను. ఇక్కడేమో ఆకుకూరలో కూడా పంది కొవ్వు వేస్తారు, అన్నంలో ద్రాక్ష సారా పోస్తారు. ఏ ఊళ్ళో ఏది అడిగి తినాలో, ఏది వాసన చూసి వదిలేయాలో అంతా ఆరా తీసి పెట్టుకున్నాను. నోటి కట్టడి నాకూ ఉంది కాబట్టి వాళ్ళ కట్టడి నాకు బరువనిపించలేదు.

ఇంత చేస్తే కాంతమ్మగారు విమానాశ్రయంలో దిగగానే అన్నమాట ఏమిటో తెలుసా? "అమ్మాయ్, ఊళ్ళు నీ ఇష్టం. పూటకి ఇంత అన్నం మాత్రం నా ఇష్టం. ఒక్క పూట అన్నం లేదన్నావంటే మర్నాడే తిరుగు టికెట్టు." వెనక చూస్తే ఆవిడ, ఇద్దరు చెల్లెళ్ళు, ముగ్గురు మగవాళ్ళు, రెండు కరెంటు కుక్కర్లు, ఒక బస్తాలో సగం సన్నబియ్యం, ఆవకాయ జాడీలు, ఇస్త్రీపెట్టె. లోగిట్లో దింపాక లూచియాగారు ఆ సామాను చూసి, వీళ్ళు ఇల్లు మారుతున్నారా అని నా చెవిలో అడిగింది. ఆ వెంటనే వాళ్ళకి నన్ను చూపించి, పక్కగుడ్డలు కావాలన్నా తువ్వాళ్ళు కావాలన్నా ఈ పిల్లని అడగండి అని చెప్పమంది. నేనే చెప్పుకున్నాను నా గురించి. కాంతమ్మగారు నన్నూ లూచియాగారినీ మార్చి మార్చి చూశారు.

మొదటి రెండు రోజులు వాళ్ళు చేసిన పనులు చెప్తే నీ మిషను ఆగిపోతుంది. ఇక్కడ స్నానాల గదిలో కమోడు పక్కన కుళాయి పెట్టిన చిన్న తొట్టి ఒకటి ఉంటుంది, మనం చెంబు వాడే పనికి ఇక్కడివాళ్ళు అది వాడతారు. కాంతమ్మగారి చెల్లెళ్ళు దాన్ని కాళ్ళు కడుక్కునే తొట్టి అనుకుని, బయట నుంచి వచ్చినప్పుడల్లా వరసగా నిలబడి కాళ్ళు కడుక్కుని, ఎంత శుభ్రమైన మనుషులో చూశావా అన్నారు. నేను పక్కకి తిరిగి తువ్వాళ్ళు మడతపెట్టాను. మిలానులో పెద్ద గుడి ఉంది, అంటే చర్చి, తెల్లరాతి శిఖరాలు ఎన్నని లెక్కపెట్టలేం. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే ఆరుగురూ చెప్పులు విడిచి గోడవార వరసగా పెట్టేశారు. సుబ్బారావుగారు కాపలా అతన్ని చెప్పుల స్టాండు ఎక్కడ, టోకెన్ ఎవరిస్తారు అని తెలుగులో అడుగుతున్నారు. అతను ఆ చెప్పుల వంకా ఈయన వంకా చూసి తల గోక్కున్నాడు. కానీ అదే గుమ్మంలో చేతుల్లేని గౌనులు వేసుకున్న వాళ్ళనందరినీ భుజాలు కప్పుకుని రమ్మని వెనక్కి పంపాడు, మనవాళ్ళని మాత్రం పైట కొంగు నిండుగా కప్పుకుని ఉన్నారని తల వంచి లోపలికి పంపాడు. కాంతమ్మగారు ఆ రోజంతా నిటారుగా నడిచారు.

సరస్సు కూడా నచ్చింది. మధ్యలో లంక, లంక మీద చర్చి, చుట్టూ కొండలు, చిన్న పడవ. కాఫీ మాత్రం నచ్చలేదు. పసిపిల్లలకి మందు పట్టే గిన్నెడు కాఫీ ఇస్తే, ఇది కాఫీయా కాఫీకి రుచి చూపించడమా అన్నారు. ఎక్కడికి వెళ్ళినా ఇంటికి రాగానే కుక్కరు పెట్టడం, తలుపులేసుకుని ఆవకాయన్నం తినడం. నోన్నా వంట చేసి బల్ల మీద పెడితే మర్యాదకి రెండు మెతుకులు. నోన్నా మొహం రోజురోజుకీ చిన్నబోతోంది. లూచియాగారు నా వంక చూసే చూపు కూడా మారింది. దేశం చూపిస్తానని తీసుకొచ్చి పటమటలో వంటిల్లు చూపిస్తున్నాననిపించింది.

ఇక శనివారం సాయంత్రం. మర్నాడు వెనిస్ ప్రయాణం. కాంతమ్మగారి పెద్ద చెల్లెలు రెండు కుక్కర్లూ ఒకేసారి పెట్టింది. చిన్న చెల్లెలు చీరలు ఇస్త్రీ చేస్తోంది. మగవాళ్ళు వేడినీళ్ళు పెట్టుకున్నారు. ఈ దేశంలో ఇంటింటికీ ఇచ్చే కరెంటే కాస్త, ఆ సంగతి నేను వాళ్ళకి చెప్పే ఉన్నాను, ఎవరు విన్నారు? ఠప్పుమని ఒక చప్పుడు. లోగిలి మొత్తం ఆరిపోయింది. లూచియాగారు మీటరు దగ్గరికి పరుగు, నీ మరిది టార్చి పట్టుకుని వెనకాల పరుగు. పాత తీగ కాలిపోయింది, కరెంటు మనిషి రేపటి దాకా రాడు. పక్క గదుల్లో ఉన్న వేరే దేశం జంట బయటికొచ్చి లూచియాగారి మీద కేకలు మొదలుపెట్టారు.

మనవాళ్ళు ఏం చేశారో ఊహించు. ఒక్కళ్ళు కూడా కేక వేయలేదు. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకుని వాకిట్లో గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. సుబ్బారావుగారు బనీను మీద కండువా వేసుకుని విమానంలో ఇచ్చిన పత్రికతో విసురుకుంటూ, ఆరు నుంచి ఎనిమిది దాకా కోత అయ్యుంటుంది, వచ్చేస్తుందిలే, ఇక్కడ ఎంతైనా టైముకి ఇస్తారు అన్నారు. మిగతావాళ్ళు అవునన్నారు. కరెంటు పోవడం అనేది తమవల్ల జరిగే పనని వాళ్ళకి తట్టనే లేదు. లూచియాగారు కంగారుగా వచ్చి, వీళ్ళు ఎందుకు అరవడం లేదని నన్నడిగింది. మావాళ్ళకి అలవాటేనండీ, కరెంటు పోతే మాకు కబుర్లు మొదలవుతాయి అన్నాను. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది, వీళ్ళు వచ్చినప్పట్నుంచీ మొదటిసారి.

ఆ వాకిట్లో కూర్చున్నాకే వాళ్ళు చుట్టూ చూశారు. ఇక్కడ ఈ నెలల్లో పొద్దు త్వరగా గుంకదు. మళ్ళ నిండా నీళ్ళు, నీళ్ళ నిండా ఎర్రటి ఆకాశం, దూరంగా మంచుకొండలు తలకిందులుగా మళ్ళల్లో. గట్ల మీద కొంగలు. అంతకుముందు రోజుల్లో అదే దారిన వ్యానులో పోతూ వచ్చారు గానీ ఎవరూ తల తిప్పలేదు, లోపల ఉడికే అన్నం మీదే దృష్టి. కాంతమ్మగారు చాలాసేపు చూసి, ఇది మా కరకట్ట మీద నుంచి చూస్తే కనపడే పొలంలానే ఉందే, కొండలు ఎవరో తెచ్చి పెట్టినట్టున్నారు అన్నారు.

అంతలోనే అసలు సంగతి గుర్తొచ్చింది. కుక్కర్లలో అన్నం సగంలో ఆగి బియ్యం నీళ్ళల్లో నానుతోంది. కాంతమ్మగారు మూత తీసి చూసి నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. "అన్నం లేదు. నేను దిగిన రోజే చెప్పాను. రేపు పొద్దున్నే టికెట్టు మార్పించు" అన్నారు. సుబ్బారావుగారు ఏదో అనబోతే, మీరు ఊరుకోండి అన్నారు. నాకు కళ్ళ ముందు చీపురూ బకెట్టూ కనబడ్డాయి ఆపా, అబద్ధం చెప్పను. నువ్వు వన్‌టౌన్‌లో నీ మిషన్ దగ్గర ఆవిడ ముందు తలొంచుకుని నిలబడటం కూడా కనబడింది.

నోన్నాకి భాష రాకపోయినా కుక్కరూ మొహాలూ చూసి అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని, వాళ్ళకి కావలసింది బియ్యమేగా, బియ్యం ఈ ఇంట్లో లేకపోవడమేమిటి అంది. వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది. కిటికీలో కొవ్వొత్తి పెట్టింది. ఈ రోజు శనివారం నోన్నా, మాంసం వద్దు, కొవ్వు వద్దు, సారా వద్దు అన్నాను. సరే సరే, మూడూ కట్టేశావు, ఉప్పైనా వేయనిస్తావా అంది. కాంతమ్మగారు ఉండబట్టలేక లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

అక్కడి నుంచి యుద్ధమే. నోన్నా బియ్యం కడగకుండా తిన్నగా నెయ్యిలాంటి వెన్నలో పోసింది. కాంతమ్మగారు నా భుజం పట్టుకుని, కడగదేమే, చెప్పవేమే అన్నారు. కడిగితే చిక్కదనం పోతుందంటోందండీ అన్నాను. చిక్కుళ్ళూ టమాటాలూ ఉడికించిన నీళ్ళు గరిటెడు గరిటెడు పోస్తూ, నిలబడి తిప్పుతూనే ఉంది నోన్నా. గంజి వార్చదా, మూత పెట్టదా, ఎంతసేపు తిప్పుతుంది, ఈ వయసులో చెయ్యి పడిపోదూ అని కాంతమ్మగారు. చివరికి గరిటె లాక్కుని తనే తిప్పడం మొదలుపెట్టారు. దించే ముందు ఒక మెతుకు నొక్కి చూసి, పలుకుంది, ఇంకొంచెం ఉడకాలి అన్నారు. నోన్నా పొయ్యి కట్టేసింది. పలుకు ఉండాలిట. ఉండకూడదని ఈవిడ. ఒకావిడ తెలుగులో, ఒకావిడ ఇటాలియన్‌లో, మధ్యలో నేను. కాసేపటికి నేను నోరు మూసుకున్నా వాళ్ళు ఆపలేదు, ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థమవుతూనే ఉంది.

వాకిట్లో బల్ల వేసి అందరికీ వడ్డించింది నోన్నా. పైన జున్నులా గట్టిగా ఉండే చీజు తురిమింది. మొదటి ముద్ద తిని సుబ్బారావుగారు వెంటనే రెండో ముద్ద తిన్నారు. మన పద్ధతి తెలుసుగా, ఎవరింట్లో తిన్నా మారు వడ్డించుకోకపోతే ఇల్లాలిని అవమానించినట్టే. ఆరుగురూ మారు పెట్టించుకున్నారు. ఇక్కడి వాళ్ళకి ఆ పద్ధతి లేదు, అందుకే నోన్నా ఉబ్బి తబ్బిబ్బైంది. ఇంకో గరిటె వేసింది. వద్దంటే బాగుండదని వాళ్ళు తిన్నారు, ఖాళీ కంచం చూస్తే బాగుండదని ఆవిడ వేసింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరి మర్యాదా ఆగలేదు. కాంతమ్మగారు ఆవకాయ తెచ్చి నోన్నా కంచంలో చారెడు వేశారు. నోన్నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.

తిన్నాక నోన్నా మళ్ళ వైపు చెయ్యి చూపించి, నా పదిహేనో ఏట నుంచీ ఆ నీళ్ళల్లో వంగాను అంది. అప్పట్లో ఇక్కడ ఆడవాళ్ళే నాట్లు వేసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు అని నేను తెలుగులో చెప్పాను. చెబితే ఏం అర్థమవుతుందని నోన్నా లేచి, గౌను పైకి దోపి, వంగి, ఒక చేతిలో నారు కట్ట పట్టుకున్నట్టు, రెండో చేత్తో గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడిచి చూపించింది. కాంతమ్మగారు కుర్చీలో నుంచి లేచారు. కాపురానికొచ్చిన కొత్తలో కూలీలు దొరకని ఏడు నేనూ చేలో దిగాను, ఎవరికీ తెలియదు అన్నారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నోన్నా పక్కన వంగారు. ఇద్దరూ ఒకే వరస పట్టి వాకిలంతా వెనక్కి నడుస్తూ ఉత్త చేతులతో నాట్లు వేశారు. మోకాళ్ళే, మోకాళ్ళే అని సుబ్బారావుగారు మొత్తుకుంటున్నా వినలేదు. నోన్నా వరస వంకర పోతే కాంతమ్మగారు చెయ్యి పట్టి సరిచేశారు. చెప్పడానికి నేను అక్కర్లేకుండా పోయాను. గోడకానుకుని నిలబడి ఏడ్చాను ఆపా, సంతోషంతో.

మర్నాడు టికెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. వెనిస్ రైలెక్కేటప్పుడు చూస్తే కుక్కర్లు లేవు. అవెందుకు, మోత బరువు అన్నారు కాంతమ్మగారు. ఇక ఆ ప్రయాణం ఏం చెప్పమంటావు! వెనిస్‌లో వీధులన్నీ కాలవలే. సుబ్బారావుగారు పడవలో కూర్చుని, మన ఏలూరు కాలవ నాలుగు రోజులు శుభ్రం చేసి రెండు పడవలేస్తే ఇంతకంటే బాగుంటుంది, చేసే నాథుడేడీ అన్నారు. ఫ్లోరెన్స్‌లో బట్టల్లేని రాతి మనిషి ముందు చెల్లెళ్ళిద్దరూ పైట మొహాన కప్పుకున్నారు, కానీ ఎంతకీ కదలరు. కాంతమ్మగారు మాత్రం సూటిగా చూసి, ఎవరు చెక్కాడో గానీ చేతి మీద నరాలు కూడా వదల్లేదు మహానుభావుడు అన్నారు. రోమ్‌లో ఒక పెద్ద ఫౌంటెన్ ఉంది, దాంట్లో డబ్బులేస్తే మళ్ళీ వస్తారుట. అందరూ వెనక్కి తిరిగి భుజం మీదుగా విసురుతున్నారు. మనవాళ్ళు రైల్లో కృష్ణ దాటేటప్పుడు వేసినట్టు ఎదురుగా నిలబడి, వేసి, కళ్ళకద్దుకుని దణ్ణం పెట్టారు. అది చూసి పక్కనున్న వాళ్ళు కూడా అలాగే పెట్టారు, అదే పద్ధతి కాబోలని. పిజ్జా తిన్నారు, వంకాయ వేసిన పాస్తా తిన్నారు, భోజనమయ్యాక ఇక్కడ ఎవరూ తాగని పాల కాఫీ అడిగి హోటలు వాళ్ళ చేత ముక్కు విరిపించుకుని మరీ తాగారు. రోజూ సాయంత్రం ఐస్‌క్రీము. నేనూ ఆ ఊళ్ళన్నీ మొదటిసారి చూస్తున్నానని చివరి రోజు దాకా ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను. ఈ ముక్క మాత్రం మిషన్ దగ్గర చదవకు.

వాళ్ళు మొన్న గురువారం వెళ్ళిపోయారు. ఆ పొద్దున లోగిట్లో వ్యాను ఎక్కబోతుంటే లూచియాగారు వచ్చి, ఏమైనా లోటు జరిగిందేమో అడుగు అని నాతో అంది. అడిగాను. కాంతమ్మగారు వ్యాను మెట్టు మీద నుంచి కాలు దించి, జరిగింది అన్నారు.

"నేను చెప్పేది ఆవిడకి చెప్పు. దిగిన రోజు ఈ పిల్లని మాకు పక్కగుడ్డలు మార్చే పిల్ల అని చూపించారు. అదొక్కటే మీ ఇంట్లో లోటు. మాకు దారి చూపించింది ఈ పిల్ల. శనివారమా, కాదా, మెట్లున్నాయా, లేవా అని మా కన్నపిల్లలు కూడా చూడనంతగా చూసింది. నేను వెళ్ళిపోతానన్నా మొహం మాడ్చుకోకుండా నాకు అన్నం పెట్టించింది. వచ్చే ఏడు మా వాళ్ళని వ్యానుకి పట్టనంత మందిని పంపిస్తాను. కానీ ఈ పిల్ల గుమ్మంలో నిలబడి రండి అంటేనే మావాళ్ళు లోపలికొస్తారు. లేకపోతే రారు. చెప్పు."

నా గురించి నా నోటితో ఎలా చెప్పను ఆపా? లూచియాగారి వైపు తిరిగి, చాలా బాగుందంటున్నారు, మళ్ళీ వస్తారుట అన్నాను.

కాంతమ్మగారు నా చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకున్నారు. "ఏమే, నేను బారెడు చెపితే నువ్వు బెత్తెడు చెప్పావు. నాకు భాష రాదు గానీ కొలతలు తెలుసు. మొత్తం చెప్పు. నేను ఇక్కడే ఉంటాను, విమానం పోతే పోనీ."

చెప్పాను. పక్కగుడ్డల దగ్గర్నుంచి గుమ్మం దాకా మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకున్నాను. నోన్నా వెనక నుంచి, ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటోంది. లూచియాగారు చివరిదాకా విని, కాంతమ్మగారి రెండు చేతులూ పట్టుకుని, నా వైపు చూడకుండా ఆవిడ మొహంలోకే చూస్తూ, నేను మింగేయకుండా ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెప్పింది.

నేను తెలుగు చేశాను. "గుమ్మంలో నస్రీనే ఉంటుంది. ఈ సోమవారం నుంచే. మీవాళ్ళకే కాదు, ఈ ఇంటికి ఎవరొచ్చినా లోపలికి రమ్మనేది తనే. పక్కగుడ్డలకి నేను వేరే మనిషిని చూసుకుంటాను."

ఈసారి ఒక్క మాట కూడా మింగలేదు ఆపా. గట్టిగా, లోగిలంతా వినబడేలా చెప్పాను.

కాంతమ్మగారు నీ దగ్గరికి వస్తారు, కొత్త జాకెట్ల గుడ్డ మిలానులో కొన్నారు. ఆ కుట్టుకి తొందర పెడితే పెట్టనీ, ఏమీ అనకు. ఆవిడ చేత నీకు చీజు ముక్క పంపాను, వాసన చూసి పారేయకు, అది అంతే ఉంటుంది. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే గోంగూర విత్తనాలు ఒక పొట్లం పంపు, నోన్నా పెరట్లో చోటిస్తానంది. నీ మరిది ఇక్కడే కూర్చుని మర్నాడు కరెంటు మనిషి రాకముందే తను ఆ కాలిన తీగ ఎంత బాగా బాగుచేశాడో రాయమంటున్నాడు, రాశాను. అమ్మీకి పాదాలంటి సలాం చెప్పు, నా కోసం దువా చేయమను, చేస్తూనే ఉంటుందని తెలుసు, అయినా చేయమను. దూల్హా భాయ్‌కి మర్యాదగా సలాం. పిల్లలకి ముద్దులు. వేళకి తిను, రాత్రిపూట మిషను తొక్కకు, కళ్ళు జాగ్రత్త. రేపే సోమవారం. ఏ చీర కట్టుకోవాలో తీసి పెట్టుకున్నాను.

ఇట్లు
నీ చెల్లెలు,
లూచియాగారి గుమ్మంలో నిలబడి అందరినీ రండి రండి అనబోయే
నస్రీన్